మూడో సూది ఎందుకురా?

టీకా అనగానే మన మనసులో మెదిలేది పసిపిల్ల. తల్లి ఒళ్ళో కేరుమనే పిల్ల, తొడమీద సూది, సాయంత్రానికి కాస్త జ్వరం. ముసలివాళ్ళకి టీకా ఏమిటనే మాట మొన్నమొన్నటి దాకా మన ఇళ్ళల్లో వినబడుతూనే ఉండేది. 2021లో కరోనా ఆ వరసను తలకిందులు చేసింది. మార్చి 1వ తేదీ నుంచి అరవై దాటినవారు ముందు వరసలో కూర్చున్నారు; మనవలు తమ వంతు కోసం ఎదురు చూశారు. ఆ ముందు వరసవారి గురించే ఈ నాలుగు మాటలు. జంతుశాస్త్రం మాస్టారు వ్యాసం రాస్తే బొద్దింక గురించో కప్ప గురించో రాస్తాడని భయపడిన విద్యార్థి మిత్రులు ధైర్యంగా పేజీ తిప్పకుండా ఉండవచ్చు.

మా తరంవాళ్ళని పోల్చుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది: మశూచి టీకా మచ్చ. మీ జబ్బల మీద ఉన్నది క్షయ టీకా మచ్చ, అది వేరు. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. టీకా కూడా ఆగిపోయింది. మా అమ్మకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఆవిడ చిన్నతనంలో పళ్ళున్న చిన్న చక్రం లాంటి పనిముట్టును చర్మానికి ఆనించి గిర్రున తిప్పేవారట. దాని తాలూకు గుండ్రటి మచ్చలు రెండు ఈనాటికీ ఎడమ జబ్బ మీద స్పష్టంగా ఉన్నాయి. 2022 జనవరిలో ప్రభుత్వం వారు 'ముందుజాగ్రత్త డోసు' అని మూడో సూది మొదలుపెట్టినప్పుడు, ఆవిడ ఆ మచ్చలు చూపించే నన్ను నిలదీసింది.

"అమ్మవారి టీకా చిన్నప్పుడు వేశారు. మళ్ళీ ఎవడూ నా గుమ్మం తొక్కలేదు. దీనికి ఏడాది తిరక్కుండానే మూడో సూది ఎందుకురా?"

ముప్ఫై ఏళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఇంత సూటి ప్రశ్న ఏ పేపరు సెట్టరూ ఇవ్వలేదు. దీనికి ఒక్క వాక్యంలో జవాబు లేదు సుమా. ఎందుకంటే అమ్మ మాటలో సగం పూర్తిగా నిజం. శరీరం కొన్నిటిని చచ్చేదాకా మరిచిపోదు.

ఈ సంగతి మొదట గట్టిగా తేల్చినవాడు పాతికేళ్ళ డేనిష్ వైద్యుడు పీటర్ పానమ్. 1846లో ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో తట్టు చెలరేగింది. అక్కడి జనాభా సుమారు ఏడు వేల ఎనిమిది వందలు; అందులో ఆరు వేల మందికి పైగా మంచం పట్టారు. డెన్మార్కు ప్రభుత్వం పంపగా వెళ్ళిన పానమ్ ఊరూరా తిరిగి ముసలివాళ్ళని వాకబు చేశాడు. ఆ దీవుల్లో అంతకుముందు తట్టు వచ్చింది 1781లో. అంటే అరవై అయిదేళ్ళ కిందట. అప్పుడు తట్టు పోసి బతికిన వృద్ధుల్లో ఒక్కరికి కూడా రెండోసారి రాలేదు. అదే ఈడువాళ్ళు, అప్పట్లో తప్పించుకున్నవాళ్ళు మాత్రం ఈసారి తప్పించుకోలేకపోయారు. మధ్యలో అరవై అయిదేళ్ళు ఆ జబ్బు దీవుల గడప తొక్కలేదు గనుక, ఎవరూ వారికి ఆ పాఠాన్ని మళ్ళీ గుర్తు చేయలేదు. ఒంటికి అదంతట అదే గుర్తుంది.

అంతకంటే విచిత్రం 2008లో వెలువడింది. 1918 నాటి విషజ్వరం మన దేశంలోనే కోటి మందికి పైగా పొట్టన పెట్టుకున్న జబ్బు. ఆనాడు పసివాళ్ళుగా ఉండి బతికిన ముప్ఫై ఇద్దరిని అమెరికాలో వెతికి పట్టుకున్నారు. వాళ్ళ వయసు 91 నుంచి 101 దాకా. తొంభై ఏళ్ళు దాటాక కూడా వాళ్ళందరి రక్తంలో ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు, అనగా మన పాఠ్యపుస్తకాల ప్రతిదేహాలు ఉన్నాయి. వాటిని తయారుచేసే కణాలు సైతం కొందరిలో దొరికాయి. మశూచి టీకా సంగతీ ఇంతే. పాతికేళ్ళ నుంచి డెబ్బై అయిదేళ్ళ కిందట టీకా పడ్డవారిని 2003లో పరీక్షిస్తే, పదింట తొమ్మిది మందిలో ఏదో ఒక రూపాన ఆ రక్షణ మిగిలే ఉంది. ప్రతిదేహాలు దాదాపు స్థిరంగా ఉన్నాయి. టి-కణాల బలం మాత్రం ఎనిమిది నుంచి పదిహేనేళ్ళకొకసారి సగానికి సగం తగ్గుతూ వచ్చింది. కనుక అమ్మ జబ్బ మీది మచ్చ ఉత్త మచ్చ కాదు.

మరి చిక్కు ఎక్కడ? చిన్నప్పుడు నేర్చినది నిలబెట్టుకోవడం వేరు, ఎనభై ఏళ్ళకు కొత్తగా నేర్చుకోవడం వేరు. మా డిపార్ట్‌మెంటులో రిటైరైన పెద్ద మాస్టారొకరున్నారు. 1988 బ్యాచి విద్యార్థుల పేర్లు రోల్ నంబర్లతో సహా అప్పజెప్పగలరు. నిన్న పరిచయం చేసిన కుర్రవాడి పేరు మాత్రం మూడుసార్లు అడుగుతారు. శరీర రక్షణ వ్యవస్థ కూడా అచ్చం అలాగే ముసలిదవుతుంది.

రొమ్ము ఎముక వెనకాల థైమస్ అనే గ్రంథి ఉంటుంది. టి-కణాలకు అది బడి. అక్కడ చదువుకుని బయటికి వచ్చిన కణాలే కొత్త శత్రువును పోల్చుకోగలవు. ఈ బడి పసితనంలోనే నిండుగా నడుస్తుంది. ఈడు వచ్చాక తరగతి గదులు ఒక్కొక్కటే మూతపడి కొవ్వు నిండుతుంది. అరవై దాటేసరికి కొత్త బ్యాచీలు నామమాత్రం. వయసులో తయారైన పాత విద్యార్థులతోనే సంసారం ఈదాలి. వాళ్ళలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక పాత శత్రువుకి కాపలా కాస్తూ ఉంటారు, ఖాళీగా ఉన్నవాళ్ళు తక్కువ. పైగా ప్రతిదేహాలు చేసే బి-కణాలకు టి-కణాల చేదోడు కావాలి. ఆ చేదోడు సన్నగిల్లితే వచ్చే ప్రతిదేహాల సంఖ్య తగ్గుతుంది, వాటి పట్టు కూడా తగ్గుతుంది. ఇది చాలదన్నట్టు ముసలితనంలో ఒళ్ళంతా సన్నని వాపు, కనబడని నిప్పు, రగులుతూనే ఉంటుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సెస్కి 2000 సంవత్సరంలో దీనికి 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టాడు. ఇల్లంతా రోజూ అరుపులే అయితే నిజంగా దొంగ పడ్డప్పుడు అరిచిన అరుపు ఎవరి చెవిన పడుతుంది?

ఇక తరుగుదల సంగతి. టీకా పడ్డాక రక్తంలో ప్రతిదేహాలు జోరుగా పెరిగి, కొన్ని నెలల్లో తగ్గడం కుర్రవాళ్ళలోనూ ఉన్నదే. ముందు పుట్టిన కణాలు ఎక్కువ భాగం కొద్దికాలం బతికేవి. ఎముకల మూలుగలో కాపురం పెట్టిన కొద్దిపాటి కణాలే ఏళ్ళ తరబడి ప్రతిదేహాలను అందిస్తాయి. తేడా ఏమంటే, కుర్రవాడి కుండ అంచుదాకా నిండుతుంది, ముసలివాని కుండ సగానికే నిండుతుంది. రెండు కుండల్లోనూ చిల్లు ఒకటే అనుకున్నా ఏది ముందు అడుగంటుతుందో చెప్పడానికి లెక్కల మాస్టారు అక్కర్లేదు. అయితే రక్తంలోని ప్రతిదేహాలే మొత్తం రక్షణ కాదు. జ్ఞాపక కణాలు, టి-కణాలు వెనక ఉంటాయి. జబ్బు గడపలోకి రాకుండా ఆపడం ప్రతిదేహాల పని. వచ్చాక ప్రాణం మీదికి తేకుండా అడ్డుపడడంలో ఆ వెనకవాళ్ళది పెద్ద చెయ్యి. అందుకే టీకా పడ్డ కొన్ని నెలలకు జ్వరం రావడం, అయినా మనిషి లేచి తిరగడం, రెండూ ఒకే ఒంట్లో జరగవచ్చు. 'టీకా వేసుకున్నా వచ్చింది గదా' అని బస్సులో వాదించుకునేవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తారు.

ఇవన్నీ పుస్తకంలో ఉన్న మాటలు. మా ఇంట్లో జరిగింది చెప్పాలి.

అమ్మకు మొదటి డోసు 2021 మార్చిలో, రెండోది ఏప్రిల్ చివర పడ్డాయి. మూడో దానికి ముప్ఫై తొమ్మిది వారాలు నిండాలన్నారు కనుక జనవరి చివర ఆవిడ వంతు. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున ఇంట్లో ముగ్గురికీ జ్వరం. మా అబ్బాయి రెండు రోజుల్లో లేచి క్రికెట్ బ్యాటు పట్టాడు. నాకు నాలుగు రోజులు. అమ్మకి ఎనిమిది రోజులు. వేలికి తగిలించే మిషను 94 చూపించినప్పుడల్లా నేను వరండాలోకి వెళ్ళి వచ్చేవాణ్ణి. ఆవిడకు చక్కెర జబ్బు ఉంది. ఆసుపత్రి దాకా పోకుండానే గట్టెక్కింది.

మా పెద్ద మామయ్య గట్టెక్కలేదు. అమ్మకు స్వయానా అన్న, ఎనభై ఆరేళ్ళు. రెండేళ్ళుగా డయాలిసిస్ మీద ఉన్నారు. రెండు డోసులూ అమ్మతో పాటే, ఇంచుమించు అదే వారంలో వేయించుకున్నారు. మూడో డోసు తేదీ కాయితం మీద రాసి జేబులో పెట్టుకున్న మనిషి. ఫిబ్రవరి మొదటి వారంలో పోయారు. అమ్మ కోలుకుంటున్నదని నాలుగు రోజులు చెప్పలేదు. చెప్పాక ఆవిడ ఏడవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు, తులసికోట దగ్గర కూర్చుని అడిగింది:

"అన్నయ్యకీ రెండూ వేశారు. నాకూ రెండూ వేశారు. మరి టీకా ఏం చేసినట్టురా?"

క్లాసులో అయితే బోర్డు మీద రెండు వంకర గీతలు గీసి, ఒకటి కుర్రవారిది, ఒకటి వృద్ధులదని చెప్పి చేయి దులుపుకునేవాణ్ణి. తల్లికి గీతలు గీసి చూపించలేం. మామయ్యకి మూత్రపిండాలు పాడయ్యాయి, అలాంటివారి ఒంట్లో టీకా సరిగా అంటుకోదు అన్నాను. అది నిజమే. డయాలిసిస్ మీద ఉన్నవారిలో ప్రతిదేహాలు తక్కువగా పుడతాయని ఎన్నోసార్లు రుజువైంది. అందరికీ ఒకే పాఠం చెప్పినా ఒకే మార్కులు రావు గదమ్మా అన్నాను. ఆవిడ తల ఊపింది. కాని నా మనసుకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఒక్క మనిషిని తీసుకుని, ఇతన్ని టీకా కాపాడింది, ఇతన్ని కాపాడలేదు అని ఏ పరీక్షా తేల్చి చెప్పలేదు. వేలమందిని పక్కపక్కన నిలబెట్టినప్పుడే టీకా చేసిన పని కంటికి కనబడుతుంది. ఇజ్రాయెల్‌లో 2021 జూలై 30 నుంచి అరవై దాటినవారికి మూడో డోసు వేశారు. వేసుకున్నవారినీ, రెండింటితో ఆగినవారినీ పోల్చితే, తీవ్రమైన జబ్బు వేసుకున్నవారిలో ఇరవయ్యో వంతు దరిదాపులకు పడిపోయింది. ఆ లాభం కూడా నెలలు గడిచిన కొద్దీ, వైరస్ వేషం మార్చిన కొద్దీ కరగకపోలేదు. అయినా ఆ తొలి నెలల్లో అది ఎన్నో ఇళ్ళకు ఒక పెద్ద దిక్కును మిగిల్చింది. మా మామయ్య వంటివారి సంఖ్య ఆ పోలికలో ఒక అంకె మాత్రమే. ఆ అంకెకు చెల్లెలున్నప్పుడు శాస్త్రం చెప్పడం కష్టం.

కోలుకున్నాక మూడు నెలలు ఆగాలన్న నిబంధన ప్రకారం ఏప్రిల్ చివర అమ్మ తనంతట తానే "పద, వేయించు" అంది. వాదనలో నేను గెలిచాననుకోవడం లేదు. అన్నయ్య జేబులో కాయితం తలుచుకుని ఒప్పుకున్నదనే నా నమ్మకం.

ముసలి ఒంటికి పాఠం సరిగ్గా వినబడకపోతే ఏం చేయాలి? శాస్త్రజ్ఞులు చేసిందీ మనం ఇంట్లో చేసేదే: గొంతు పెంచడం. ఫ్లూ టీకాలో నాలుగు రెట్లు మందు కూర్చి, అరవై అయిదు దాటిన దాదాపు ముప్ఫై రెండు వేల మందిలో పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. మామూలు టీకా పడ్డవారికంటే వీరిలో ఫ్లూ సుమారు 24 శాతం తగ్గింది. ఏదో కొండ తవ్వి ఎలుకను పట్టినట్టు కనిపించినా, ప్రతి ఏటా లక్షలమందికి వచ్చే జబ్బులో ఇది చిన్న లాభం కాదు. ఫ్లూ వైరస్ ఏటా చీర మార్చే రకం కాబట్టి టీకా కూడా ఏటా వేయించుకోవాలి. పైపెచ్చు వృద్ధుల్లో దాని బలం ఆ ఒక్క సీజను లోపలే తగ్గుముఖం పడుతుంది.

గొంతు పెంచడానికి ఇంకో ఉపాయం ఉంది. అది నాకు ఎంతో నచ్చిన కథ.

మీకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసి ఉంటుంది. అమ్మవారు ఇంటికి వచ్చిందని వేపమండలు కట్టి, తలంటి పోసి పంపించామనుకుంటాం. ఆవిడ పోదు. ఆ వైరస్ వెన్నుపాము పక్కన నరాల ముడుల్లో ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని లేవనివ్వకుండా కాపలా కాసేవి టి-కణాలు. యాభై, అరవై ఏళ్ళ తర్వాత కాపలావాడు కునికినప్పుడు అది నరం వెంట చర్మంలోకి పాకివస్తుంది. అదే సర్పి. నడుముకో రొమ్ముకో ఒక పక్కన పట్టీ కట్టినట్టు పొక్కులు, నిప్పు పెట్టినట్టు మంట. పొక్కులు మాడినా నొప్పి నెలల తరబడి పీడించవచ్చు. ఇందాక చెప్పిన రోల్ నంబర్ల మాస్టారికి ఇది వచ్చింది. ఎర్రమన్ను పూశారు, మంత్రం వేయించారు, మందులూ వాడారు. పొక్కులు పోయినా ఎనిమిది నెలలు ఆయన చొక్కా తొడుక్కోలేకపోయారు. గుడ్డ తగిలితే చాలు, ప్రాణం పోయినంత బాధ. అంత పెద్దమనిషి తువ్వాలు వదులుగా కప్పుకుని గుమ్మంలో కూర్చుని ఉంటే చూడలేకపోయేవాణ్ణి.

సర్పికి మొదటి టీకా బలహీనపరచిన బతికున్న వైరస్‌తో చేశారు. 2005 నాటి పెద్ద పరీక్షలో అరవై దాటినవారిలో జబ్బును సగానికి తగ్గించింది. డెబ్బై దాటినవారిని విడదీసి చూస్తే 38 శాతమే. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువ పనిచేసింది, అదీ కొద్ది ఏళ్ళలో నీరుగారింది. 2020లో అమెరికాలో దాని అమ్మకం ఆపేశారు. ఈలోగా రెండో టీకా వచ్చింది. ఇందులో వైరస్ లేదు. దాని ఒంటి మీది ప్రొటీను ఒక్కటే ఉంది. దానికి తోడు రక్షణ వ్యవస్థను తట్టిలేపే సహాయక ద్రవ్యం ఒకటి కలిపారు. అందులో ఒక భాగం దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు చెట్టు బెరడు నుంచి తీసిన సపోనిన్. సపోనిన్ అంటే మరేమీ కాదు, మన కుంకుడుకాయలో నురగనిచ్చే జాతి పదార్థమే. ఆ చెట్టు బెరడుతో అక్కడివాళ్ళు తలంటుకునేవారు. ఈ నురగ జాతి మందు తోడయ్యేసరికి డెబ్బై దాటినవారిలో కూడా రక్షణ 90 శాతం దరిదాపుల్లో నిలిచింది. కునుకుతున్న కాపలావాణ్ణి మార్చనక్కర్లేదు, గట్టిగా కుదిపి లేపితే చాలునన్నమాట. పాత జ్ఞాపకం ఉన్నచోట కొత్తగా రాయడం కంటే చెరిగిన అక్షరాల మీద దిద్దడం తేలిక. కరోనా వచ్చిన కొత్తలో మన పెద్దలకు దిద్దుకోవడానికి ఆ అక్షరాలే లేవు.

ఇంత చదివాక, మరి మన పెద్దలకు ఇవన్నీ అందుతున్నాయా అని మీరు అడగవచ్చు. 1985లో మొదలైన మన సార్వత్రిక టీకాల కార్యక్రమం పిల్లలదీ, గర్భిణులదీ. అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. కాని ఏ ఆరోగ్య కేంద్రం గోడ మీద చూసినా పుట్టినప్పుడు ఇది, ఆరు వారాలకు ఇది అని పట్టిక ఉంటుంది. అరవై ఏళ్ళకు ఇది, డెబ్బై ఏళ్ళకు ఇది అనే పట్టిక నా కంట పడలేదు. ఫ్లూ, న్యూమోనియా, సర్పి టీకాలు పెద్దలు డబ్బిచ్చి కొనుక్కోవలసినవే. కొత్త సర్పి టీకా 2023లో మన దేశానికి వచ్చింది. రెండు సూదులకు ఇరవై వేలు దాటింది. పెన్షను మీద బతికే ముసలి దంపతులకు నాలుగు సూదులు కావాలి. బియ్యం కొనాలా, సూది కొనాలా అని లెక్క వేసుకునే ఇంట్లో ఏది ముందో చెప్పనక్కర్లేదు. ఆయుర్దాయం పెరిగిందని సంతోషించే ప్రభుత్వాలు ఆ పెరిగిన ఏళ్ళకు తగ్గ టీకా పట్టిక వేయడం న్యాయమని నా అభిప్రాయం. అర్థశాస్త్రం డిపార్ట్‌మెంటు మిత్రులు నాతో విభేదిస్తే వచ్చే సంచికలో రాయగలరు.

ఈ ఏడు నాకు అరవై నిండాయి. నాకూ అమ్మకూ కలిపి సర్పి టీకా మొదటి డోసు వేయించుకున్నాం. నర్సమ్మ సూది తీస్తుంటే అమ్మ ఎప్పటిలాగే బేరానికి దిగింది.

"ఇదన్నా ఎన్నాళ్ళు పనిచేస్తుందిరా?"

"పదకొండేళ్ళ దాకా వెంటపడి చూశారమ్మా. అప్పటికీ పదింట ఎనిమిది పాళ్ళు రక్షణ ఉందిట."

ఆవిడ వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "తొంభై అయిదు. చాల్లే, అంతకంటే నాకు వద్దు," అని జబ్బ చాపింది. రెండో డోసు సంక్రాంతి వెళ్ళగానే.